కంచరగాడిద మోసుకొచ్చే ఉత్తరం

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో ఊరు అనగానే మనకు పెద్ద పెద్ద రోడ్లు, ఇంటి ముందు రెండు కార్లు గుర్తొస్తాయి. ఈరోజు నేను చెప్పబోయే ఊరికి రోడ్డే లేదు. ఊరి పేరు సుపాయ్. ఆరిజోనా రాష్ట్రంలో, గ్రాండ్ కేనియన్ ప్రాంతంలోని ఓ లోయ అడుగున ఉంది. 2010 జనాభా లెక్కల్లో అక్కడున్నది 208 మంది.

ఇలాంటి ఊళ్లను అక్కడ అన్‌ఇన్‌కార్పొరేటెడ్ అంటారు. మేయరు ఉండడు, మునిసిపాలిటీ ఉండదు. సుపాయ్‌లో పెత్తనమంతా అక్కడి ఆదివాసులైన హవాసుపాయ్ తెగ కౌన్సిల్‌దే. ఆ నేల వాళ్లది. వాళ్లదే అయినా, 1882లో ప్రభుత్వం వాళ్లకు 518 ఎకరాలు మాత్రం మిగిల్చింది. వేసవిలో లోయలో మొక్కజొన్న వేసుకుని, చలికాలంలో పైన పీఠభూమి మీద వేటాడుకునే జనం వాళ్లు. పైకి రావొద్దంటే ఎలా బతకాలి? 1975లో గానీ చట్టం చేసి లక్షా 85 వేల ఎకరాలు తిరిగివ్వలేదు. తొంభై మూడేళ్లు పట్టింది! దాని గురించి ఇంకా చెప్పాలనే ఉంది గానీ, టైము తక్కువ. పోస్టు సంగతికి వస్తాను.

సుపాయ్‌కి పోస్టు కంచరగాడిదల మీద వస్తుంది. వెనకటి ముచ్చట కాదండీ, ఈ కాలంలోనే. ముందు పీచ్ స్ప్రింగ్స్ అనే ఊళ్లో సరుకు పోగవుతుంది. అక్కడి పోస్టాఫీసులో మనిషి లోపలికి నడిచి వెళ్లగలిగేంత ఫ్రీజర్ ఉంది. పోస్టాఫీసులో ఫ్రీజర్ ఎందుకంటారా? సుపాయ్‌కి ఉత్తరాలతో పాటు మాంసం, కూరగాయలు కూడా పోస్టులోనే వెళ్తాయి మరి. అక్కడి నుంచి కొండ అంచు దాకా వ్యాను. అంచున అట్టపెట్టెలను కంచరగాడిదల వీపుల మీద రెండు పక్కలా సరితూగేలా కడతారు. ఒక్కోదాని మీద సుమారు 60 కిలోలు. వాటిని ఒకదాని వెనక ఒకటి తాడుతో కట్టి, ముందు ఒక మనిషి గుర్రం మీద దారి తీస్తాడు. పదమూడు కిలోమీటర్లు, వంపులు తిరిగే రాతి బాట.

నాకు నచ్చింది ఏమిటంటే, ఆ ఉత్తరానికి వేసే స్టాంపు న్యూయార్కు ఉత్తరానికి వేసే స్టాంపే. కంచరగాడిద ఎక్కింది కదా అని పైసా ఎక్కువ లేదు. లాభనష్టాల లెక్క వేస్తే ఆ ఊళ్లో పోస్టాఫీసు ఏనాడో మూతపడాలి. మూయకపోవడమే సరైన పని అని నా అభిప్రాయం.

మీ పిల్లలు అమెరికాలో ఉండి, సుపాయ్ దగ్గరి నీలి జలపాతాలు చూడ్డానికి వెళ్తామంటే ఈ రెండు ముక్కలు చెప్పండి. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తామంటే కుదరదు, రాత్రి బసకు ముందుగా బుక్ చేసుకున్నవాళ్లనే రానిస్తారు. నడిచే దారిలో నీళ్లు దొరకవు, మోసుకెళ్లాల్సిందే. తిరిగొచ్చేటప్పుడు చివర్లో నిటారు ఎక్కుడు కాబట్టి తెల్లవారకముందే బయల్దేరాలి. ఊళ్లో పోస్టాఫీసు తెరిచి ఉంటే ఒక కార్డు మీ పేరున వేయమనండి. దాని మీద కంచరగాడిదల పోస్టు అని చెప్పే ప్రత్యేక ముద్ర పడుతుంది. ఆ ముద్ర ఇంకెక్కడా వేయరు.

నమస్కారం.