ఫోటో తిప్పితే ఏం పోతుంది?

అందరికీ నమస్కారం. అడ్డంగా పడిన ఫోటోని నిలువుగా తిప్పి సేవ్ చేయడం మనందరం చేసే పనే. ఫోటో దెబ్బతినేది తిప్పడం వల్ల కాదు, ఆ సేవ్ దగ్గర.

ఫోటోల ఫైళ్లను కుదించి దాచే జేపెగ్ (JPEG) పద్ధతి ఫోటోని 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొడుతుంది. ఒక్కో గడిని 64 అంకెలుగా మార్చి, కంటికి అంతగా ఆనని వివరాలను వదిలేస్తుంది. ఫైలు సైజు తగ్గేది అందుకే. మామూలు ఎడిటర్‌లో తిప్పి సేవ్ చేస్తే ఈ వదిలేయడం మళ్లీ మొదటి నుంచి జరుగుతుంది. క్వాలిటీ తగ్గించి సేవ్ చేస్తే, జరీ అంచుల దగ్గరా, ఫోటో మీది అక్షరాల చుట్టూ మరకలు తేలతాయి.

నిజానికి 90 డిగ్రీలు తిప్పడానికి ఇదంతా అక్కర్లేదు. ఆ 64 అంకెల్లో అడ్డు వరసలను నిలువు వరసలు చేసి, కొన్నింటి ప్లస్, మైనస్ గుర్తులు మార్చి, గళ్లను కొత్త చోట్లలో పేర్చితే చాలు. ఒక్క అంకె కూడా పోదు. జేపెగ్‌ట్రాన్ అనే ఉచిత ప్రోగ్రామ్ చేసేది ఇదే. ఫోటోలు చూసే ఇర్ఫాన్‌వ్యూ ప్రోగ్రామ్‌లో కూడా ప్లగిన్‌తో ఈ సదుపాయం ఉంది.

ఇక్కడొక మెలిక ఉంది, దీన్ని కాస్త నిదానంగా చూద్దాం. చాలా ఫోటోల్లో రంగుల వివరాలను అడ్డంగానూ, నిలువుగానూ సగానికి కుదించి దాస్తారు కాబట్టి, కదిలించగలిగే ముక్క 16×16 అవుతుంది. 4032×3024 ఫోటోకి ఇబ్బంది లేదు, రెండు అంకెలూ 16తో నిశ్శేషంగా పోతాయి. 4000×3000 ఫోటోలో మాత్రం కింద 8 వరసలు మిగిలిపోతాయి. అలాంటి అరకొర ముక్క జేపెగ్‌లో కుడి అంచునో, కింది అంచునో మాత్రమే ఉండగలదు. ఎడమవైపు తిప్పితే అది కుడి అంచుకి చేరుతుంది, ఏ గొడవా లేదు. కుడివైపు తిప్పితే ఎడమ అంచుకి వస్తుంది, అక్కడ దానికి చోటు లేదు. జేపెగ్‌ట్రాన్‌లో ‘పర్‌ఫెక్ట్’ అని అడిగితే అసలు తిప్పనంటుంది, ‘ట్రిమ్’ అంటే ఆ 8 వరసలు కోసేస్తుంది. నేనైతే కోతకే ఒప్పుకుంటాను. ఫోటో మొత్తం మళ్లీ కుదించడం కంటే అది నయం.

ఫోన్ చేసేది ఇంకా తేలిక పని. చాలాసార్లు పిక్సెళ్లను కదపకుండా, ఎగ్జిఫ్‌లో, అంటే ఫోటో ఫైల్లోనే ఉండే వివరాల పట్టీలో, ఓరియంటేషన్ 6 అని రాసి ఊరుకుంటుంది. కుడివైపు తిప్పి చూపించమని దాని అర్థం. ఆ గుర్తుని పట్టించుకోని ప్రోగ్రామ్‌లో ఫోటో అడ్డం తిరిగి కనిపిస్తుంది.

వంకరగా పడిన స్కాన్ సంగతి వేరు. ముగ్గు చుక్కలను 90 డిగ్రీలు తిప్పితే చుక్క మీద చుక్క పడుతుంది. 2 డిగ్రీలే తిప్పితే చుక్కల మధ్య పడుతుంది. అప్పుడు చుట్టుపక్కల రంగులను బట్టి కొత్త పిక్సెల్ రంగుని అంచనా వేయాల్సిందే. ప్రతి అంచనాకీ కొంత పదును పోతుంది. 2 డిగ్రీలు తిప్పాక ఎక్కువైందనిపిస్తే, దాన్నే అర డిగ్రీ వెనక్కి తిప్పకండి. ఒరిజినల్ తెరిచి ఒకేసారి ఒకటిన్నర తిప్పండి. అంచనా వేసే పద్ధతుల్లో బైక్యూబిక్ గానీ, లాంక్జోస్ గానీ ఎంచుకోండి. సైజు మార్పు కూడా ఉంటే కుదిరినంతవరకు ఆ ఒక్క అడుగులోనే కలిపేయండి. మధ్యలో దాచుకోవాల్సి వస్తే వివరాలు పోకుండా దాచే టిఫ్‌లోనో, పీఎన్‌జీలోనో దాచండి. జేపెగ్ చివరిగా పంపేటప్పుడు చేసుకోవచ్చు.