పదివేలో ముక్క కూడా మొదటి ముక్కలాగే ఉండాలి

సభకు నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, పట్టుబట్టి పిలిచిన విద్యార్థులకు కృతజ్ఞతలు. వేదిక మీది పెద్దల పరిచయాలు అయిపోయాయి కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

నాకిచ్చిన అంశం ఒత్తిడిని పసిగట్టే ముద్రిత పదార్థాలు, అంటే ఎంత గట్టిగా నొక్కారో చెప్పే, ఇంకుతో ముద్రించిన సెన్సర్లు, వాటికి మార్కెట్లో ఉన్న అవకాశాలు. అవకాశాలున్నాయి, కాదనను. అయితే ల్యాబ్‌లో ఒక సెన్సర్ పనిచేయడానికీ, అదే సెన్సర్ బజారులో అమ్ముడుపోవడానికీ మధ్య ఒక ప్రింటింగ్ టేబుల్ ఉంటుంది. ఆ టేబుల్ దగ్గర నిలబడే మనిషిని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. నేను వచ్చింది ఈ మాట చెప్పడానికే.

ముందు వస్తువు సంగతి. రెండు పలచని ప్లాస్టిక్ షీట్లు. ఒకదాని మీద సిల్వర్ ఇంకుతో, రెండు చేతుల వేళ్లు ఒకదాని సందులో ఒకటి దూర్చినట్టు, ఒకదానికొకటి తగలని గీతలు ముద్రిస్తాం. రెండోదాని మీద కార్బన్ కలిసిన ఇంకు. మధ్యలో అంచు చుట్టూ స్పేసర్, అంటే రెండు షీట్లనూ ఎడంగా ఉంచే పట్టీ. నొక్కకపోతే రెసిస్టెన్స్, అంటే కరెంటుకు అడ్డు, కోటి ఓముల పైనే ఉంటుంది. నొక్కితే కార్బన్ పొర గీతలకు తగులుతుంది. గట్టిగా నొక్కేకొద్దీ ఎక్కువ చోట్ల తగులుతుంది, రెసిస్టెన్స్ పడిపోతుంది. అమెరికాలో ఇంటర్‌లింక్ అనే కంపెనీ దీన్ని 1980ల నుంచి అమ్ముతోంది. ఎలక్ట్రానిక్ డ్రమ్ముల్లో ఉంది. కారు సీటులో మనిషి కూర్చున్నాడా లేదా అని చూసే మ్యాట్లలోనూ ఉంది.

ఇంకో రకం ఉంది. ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలో డేవిడ్ లసీ అనే ఆయన 1996లో కనిపెట్టారు. సిలికాన్ రబ్బరులో ముళ్లుముళ్లుగా ఉండే నికెల్ రేణువులు కలుపుతారు. రేణువులు ఒకదానికొకటి తగలనక్కరలేదు. నొక్కినప్పుడు మధ్యలో ఉన్న రబ్బరు పొర పలచబడి, ఎలక్ట్రాన్లు అందులోంచి అవతలికి దాటిపోతాయి. లక్ష కోట్ల ఓముల నుంచి ఒక ఓము దాకా దిగుతుంది. నాసా వాళ్లు రోబోనాట్ అనే రోబో చేతికి దీన్ని వాడి చూశారు. పెరాటెక్ అనే కంపెనీ దీన్ని ముద్రించే ఇంకుగా మార్చింది. ఆ కంపెనీ దగ్గర శాంసంగ్ ఎలక్ట్రో-మెకానిక్స్ లైసెన్సు తీసుకున్నది 2010లో. అంటే కనిపెట్టిన పద్నాలుగేళ్లకు! అంత అద్భుతమైన పదార్థానికి అంత కాలం పట్టిందంటే, తర్వాత పని ఎంత ఉంటుందో ఆలోచించండి.

ఇక్కడ స్లైడ్లు చూపించాలి. వాటిలో మార్కెట్ లెక్కలున్నాయి. పక్కన పెడతాను, మీరు ఏమీ అనుకోవద్దు. మా షెడ్డులో జరిగిన సంగతి చెప్పాలి.

మాది మెంబ్రేన్ కీప్యాడ్లు చేసే చిన్న యూనిట్. వాషింగ్ మెషీన్ ప్యానెళ్లు, లిఫ్టు బటన్లు. మా ప్రింటర్ పెళ్లి పత్రికల దగ్గర మొదలుపెట్టి స్క్రీన్ ప్రింటింగ్‌లోనే తల పండిన మనిషి. అందరం మాస్టారూ అంటాం. ఒక కస్టమర్ ఒత్తిడి సెన్సర్లు అడిగారు. శాంపిళ్లు పాసయ్యాయి, ఆర్డరొచ్చింది. మొదటి లాటు వెళ్లింది, సగం తిరిగొచ్చింది. ఒకే బరువు పెడితే ఒక ముక్క ఒక విలువ, ఇంకో ముక్క ఇంకో విలువ.

వాళ్ల ఇంజనీర్లు వచ్చారు. మీటింగ్ పెట్టారు. ఇంకు బాగోలేదు, విదేశీ ఇంకు తెప్పించండి అన్నారు. మాస్టారు గుమ్మం దగ్గర నిలబడి, "సార్, ఇంకుది కాదు సార్, ఒక్కసారి ఇవి చూడండి" అన్నారు. చేతిలో షీటు అంచుల నుంచి కత్తిరించిన పట్టీల కట్ట ఉంది. ఒకాయన తల కూడా ఎత్తకుండా, "ప్రింటింగ్ విషయం తర్వాత మాట్లాడదాం, ఇది సెన్సర్ మీటింగ్" అన్నాడు.

ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ప్రింటింగ్ వేరు, సెన్సర్ వేరు అట! అయ్యా, ముద్రించిన పొరే కదండీ సెన్సర్!

ఆ పట్టీల్లో ఏముందో చెబుతాను. మాస్టారు ప్రతి షీటు అంచున, పనికొచ్చే భాగానికి బయట, చిన్న కార్బన్ పట్టీ ఒకటి అదనంగా ముద్రించేవారు. ఓవెన్ నుంచి రాగానే మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ కొలిచి, విలువ, టైము మార్కర్‌తో పట్టీ మీదే రాసేవారు. ఎవరూ చెప్పలేదు ఆయనకి. వాళ్లు వెళ్లాక టేబుల్ మీద వరసగా పేర్చాం. పొద్దున్న తక్కువ, భోజనాల వేళకు ఎక్కువ, ఇంకు కొత్తగా వేసిన వెంటనే మళ్లీ తక్కువ. స్క్రీను అంటే ముద్రణకు వాడే సన్నని మెష్, వలలాంటిది. దాని మీద, ఇంకును పలచగా ఉంచే సాల్వెంట్ ఆరిపోతోంది. ఇంకు చిక్కబడి మెష్ కళ్లు పూడుకుపోతున్నాయి, పొర పలచబడుతోంది. పైన ఫ్యాను తిరుగుతోంది మరి, ఎండాకాలం. ఫ్యాను ఆపి, గదికి ఏసీ పెట్టి, ఇంకు కొంచెం కొంచెంగా వేస్తూ, షీట్లను ముందే ఓవెన్లో కాచి పెట్టుకుంటే లాటు దారిలోకి వచ్చింది. అదే ఇంకు!

వెనక వరసలో డిప్లొమా పిల్లలున్నారు కదా, చేతులెత్తండి. మీకోసమే చెబుతున్నాను. మీలో ఎవరైనా స్క్వీజీ, అదే స్క్రీను మీద ఇంకు లాగే రబ్బరు పట్టీ, పట్టుకుంటే దాన్ని చిన్న పని అనుకోకండి. స్క్వీజీ కోణం మారితే పొర మందం మారుతుంది, మందం మారితే విలువ మారుతుంది. పదివేలో ముక్క కూడా మొదటి ముక్కలాగే ఉంటేనే కొనేవాడు కొంటాడు.

మళ్లీ అంశంలోకి వస్తాను. ఈ సెన్సర్లకు స్వభావసిద్ధమైన లోపాలున్నాయి. బరువు అలాగే ఉంచితే విలువ మెల్లగా జారుతూ ఉంటుంది. నొక్కేటప్పుడు విలువ ఒక దారిన దిగుతుంది, వదిలేటప్పుడు ఇంకో దారిన ఎక్కుతుంది. కాబట్టి తూకం వేసే చోట పెట్టకండి. నొక్కారా లేదా, మెల్లగానా గట్టిగానా అని తెలిస్తే చాలనే చోట పెట్టండి. వాడేవాడికి అవసరం ఉండటం ఇంకా ముఖ్యం. యాపిల్ 2015లో ఐఫోన్ 6ఎస్‌లో 3డి టచ్ తెచ్చింది. దాని సెన్సర్ ఇలా ఇంకుతో చేసింది కాదు, కానీ పని ఇదే, ఎంత గట్టిగా నొక్కారో చూడటం. ఎంతో కచ్చితంగా పనిచేసింది. 2019లో వచ్చిన ఐఫోన్ 11లో తీసేశారు. గట్టిగా నొక్కితే ఏమవుతుందో తెర చూస్తే తెలియదు, చాలామందికి అదొకటి ఉందన్న సంగతే తెలియలేదు.

మేనేజ్‌మెంట్ పెద్దలకు ఒక విన్నపం. కొత్త పదార్థాల మీద ప్రాజెక్టులు చేయిస్తున్నారు, సంతోషం. ఆ ల్యాబ్‌లోనే ఒక స్క్రీన్ ప్రింటింగ్ టేబుల్, ఒక ఓవెన్, ఒకే బరువుతో వేలసార్లు నొక్కి చూసే టెస్టింగ్ రిగ్ పెట్టించండి. ప్రాజెక్టు రిపోర్టులో బాగా వచ్చిన ఒక్క ముక్క గ్రాఫు కాకుండా, వరసగా ముద్రించిన వంద ముక్కల విలువలు అడగండి. వైవాకు ఒక ప్రింటర్‌ను కూడా పిలిచి కుర్చీ వేయండి.

మా షెడ్డు చర్లపల్లిలో ఉంది. ఆదివారం తప్ప ఎప్పుడైనా రండి, నలుగురైదుగురు చొప్పున. సొంత ఇంకు చేసుకున్నవాళ్లు డబ్బాతో సహా తెచ్చుకోండి, మాస్టారు మీ ముందే ముద్రించి చూపిస్తారు. పొద్దున్నే వస్తే మంచిది, ఓవెన్ వేడెక్కే లోపు మెష్ బిగించడం కూడా చూడొచ్చు.