మిషన్‌లో పడకముందే ఏరాలి

(ఆశ్వయుజ మాసంలో పాడి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లే ఉన్నారు, నాకు చాలా సంతోషం. తెల్లవారుజామున లేచి పేడ తీసేది, పాలు పితికేది మీరే. మేత సంగతి మీ చెవిన పడితేనే అది పశువు దాకా పోతుంది.

నేను ముప్ఫై ఏళ్లు ఈ మదనపల్లె, పుంగనూరు పల్లెల్లోనే పశువుల డాక్టరుగా తిరిగాను. ఈ రోజుల్లో మనం చేయాల్సిన పనులు రెండు. బీట్లో, పొలంలో కలుపు తీయాలి, పాతరగడ్డి వేసుకోవాలి, అంటే పచ్చిమేతను ముక్కలు కొట్టి గాలి తగలకుండా గుంతలో మగ్గబెట్టుకోవాలి. మనలో చాలామంది వీటిని వేరువేరు పనులనుకుంటారు. కాదమ్మా, రెండూ ఒకటే పని. ఎందుకో చెబుతాను.

బీట్లో మేసే ఆవును కాసేపు నిలబడి చూడండి. వయ్యారిభామ (పార్థీనియం) కలుపును మూతితో పక్కకు నెట్టి, దాని మొదట్లో ఉన్న గరికను కొరుకుతుంది. ఉమ్మెత్త వాసన తగిలితే మూతి తిప్పేసుకుంటుంది. దాని ముక్కే దానికి కాపలా. అదే ఉమ్మెత్త మొక్కజొన్నతో కలిసి చాఫ్ కట్టర్‌లో, అదే మేతను ముక్కలు కొట్టే మిషన్‌లో, పడిందనుకోండి. అర అంగుళం ముక్కలై, మొక్కజొన్న రసంలో తడిసి, పాతరలో నలభై ఐదు రోజులు మగ్గి గాడిలోకి వస్తుంది. అప్పుడు ఆవు దేన్ని ఎంచుకుంటుంది? దేన్ని వదులుతుంది? ఎంచుకునే అవకాశం దానికి లేకుండా చేసింది మనమే. కాబట్టి ఆ ఎంపిక మనం చేయాలి, అదీ మిషన్‌లో పడకముందే.

మగ్గితే విషం పోతుంది కదా డాక్టరుగారూ అని అడుగుతారు. కొన్నింటిలో పోతుంది. లేత జొన్నలో, కోత తర్వాత వచ్చే పిలకల్లో ఉండే నాము అనే విషం సంగతి మీకు తెలిసిందే. నాము మేసిన పశువు చూస్తుండగానే పడిపోతుంది. జొన్నను పూత దాటాక కోసి పాతర వేస్తే ఆ విషం చాలావరకు తగ్గిపోతుంది. ఉమ్మెత్త అలా కాదు. దాని విషం పాతరలో కూడా మిగులుతుంది. కాయతో ఉన్న మొక్క అయితే మరీ ప్రమాదం. మొక్కజొన్న సాళ్లలో, గట్ల వెంట ఉమ్మెత్త ఎక్కడ కనిపించినా కోతకు ముందు రోజే పీకి పొలం బయట పడేయండి.

ఇక వయ్యారిభామ. మన దేశంలో 1955 ప్రాంతంలో పూనా దగ్గర మొదట కనిపించింది. అమెరికా గోధుమలతో పాటు వచ్చిందంటారు. ఒక్కో మొక్క పది వేలకు పైగా గింజలు రాలుస్తుంది. మొలిచిన నెలా నెలన్నరకే పూతకొస్తుంది. పశువు గడ్డిని మేసి దీన్ని వదిలేస్తుంది కనుక ఏడాదికేడాది బీట్లో గడ్డి తగ్గి ఇది పెరుగుతుంది. తినదు కదా, పశువుకేం నష్టం అనుకోకండి. మేతే చాలకపోతే తింటుంది. మూతికి, పొదుగుకు పుండ్లు పడతాయి, పాలు చేదెక్కుతాయి. ఒక అక్క తెచ్చిన పాలను పాల కేంద్రంలో చేదుగా ఉన్నాయని వెనక్కి పంపారు. ఆమె నీళ్లు నిండిన కళ్లతో నా దగ్గరికి వచ్చింది. వాళ్లింటికి వెళ్లి చూస్తే, గట్టు మీద కోసిన పచ్చిమేత మోపులో సగం వయ్యారిభామే. ముక్కలు కొట్టి పెట్టారు. ఆవు తినక ఏం చేస్తుంది?

దీన్ని పీకాల్సింది పూత రాకముందు, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు. వేరుతో సహా రావాలి. పైన కోస్తే మొదట్లోనుంచి మళ్లీ చిగురిస్తుంది. చేతులకు తొడుగులు వేసుకోండి, ముఖానికి గుడ్డ కట్టుకోండి. దాని పుప్పొడితో దురద, ఆయాసం వస్తాయి. పూత రానిదాన్ని ఎరువు గుంతలో వేయొచ్చు. పూత వచ్చినదాన్ని వేస్తే ఆ ఎరువుతో పాటు గింజల్ని మన చేలోనే చల్లుకున్నట్టు. ఖాళీ జాగాల్లో తగిరిస మొక్క గింజలు చల్లితే అది వయ్యారిభామను అణిచేస్తుంది. వయ్యారిభామ ఆకు తినే మెక్సికో పెంకు పురుగును తెప్పించి 1984లో బెంగళూరులో వదిలారు. వానాకాలంలో అది మొక్క మీద కనిపిస్తే చంపకండి, మన పని అదే చేస్తోంది. కలుపు మందు కొట్టక తప్పకపోతే, డబ్బా మీద రాసిన గడువు ముగిసేదాకా ఆ బీట్లోకి పశువును తోలకండి, అక్కడి గడ్డిని పాతరకు తేకండి.

ఇప్పుడు పాతర. ఈ మాట మనకు కొత్త కాదు. మా తాత జొన్నలు పాతరలో దాచేవాడు. మూత తీసిన రోజు ఎవరినీ లోపలికి దిగనిచ్చేవాడు కాదు, గాలి మారాలనేవాడు. గడ్డి పాతరకూ అదే జాగ్రత్త కావాలి. లోతు గుంతలో చెడ్డ గాలి నిలిచి ఉంటుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

నేను వేసిన మొదటి పాతర పాడైంది. చదువుకున్నవాణ్ణి, అన్నీ తెలుసనుకున్నాను. మా ఇంటి దగ్గరే నాలుగు రోజుల పాటు తీరిగ్గా నింపాను. రెండో రోజు రాత్రి వాన పడింది. సరిగా తొక్కించలేదు, పట్టా అంచుల మీద మట్టి సరిగా వేయలేదు. తెరిచేసరికి పైనంతా నల్లగా, జిగురుగా, ముక్కు పగిలే కంపు. మూడో వంతు పారబోశాను. మా అమ్మ ఒక్క మాటా అనలేదు, ఆ వేసవంతా వరిగడ్డి కొని మేపింది. గాలి ఎంత నష్టం చేస్తుందో ఆ ఏడాది నేర్చుకున్నాను.

పాతరలో జరిగేది పెరుగు తోడుకోవడం లాంటిదే. గాలి లేని చోట మంచి సూక్ష్మజీవులు గడ్డిలోని చక్కెరను పులుపుగా మారుస్తాయి. ఆ పులుపే గడ్డిని కాపాడుతుంది. గాలి ఉంటే బూజు పడుతుంది. అందుకే ఒక్క రోజులో, కాదంటే రెండు రోజుల్లో నింపేయాలి. అర అడుగు మందాన పరిచి తొక్కించాలి, మళ్లీ పరచాలి. పైన గోపురంలా పోసి, పట్టా కప్పి, మట్టి వేసి, చుట్టూ కాలువ తీయాలి. ఎలుక బొక్క ఒక్కటి పడినా గాలి లోపలికి దూరుతుంది. వారానికోసారి చుట్టూ తిరిగి చూడండి.

కోత మొక్కజొన్న గింజలో పాలు గట్టిపడుతున్నప్పుడే. తేమ నూటికి అరవై ఐదు నుంచి డెబ్బై ఉండాలి. దానికి మీటర్లు అక్కర్లేదు. ముక్కల్ని పిడికిట్లో అర నిమిషం గట్టిగా పిసికి చెయ్యి తెరవండి. నీళ్లు కారితే తడి ఎక్కువ, ఒక పూట ఆరబెట్టండి. ముద్ద మెల్లగా విచ్చుకుంటే సరైన అదును. చటుక్కున విడిపోతే ఎండిపోయిందని లెక్క. సూపర్ నేపియర్ గడ్డిలో నీళ్లెక్కువ, తీపి తక్కువ. దాన్ని వాడ్చి, క్వింటాలుకు కిలో, రెండు కిలోల బెల్లం నీళ్లలో కలిపి చల్లండి.

ఎంత కావాలి? రెండు ఆవులకు రోజుకు ఇరవై కిలోల చొప్పున నాలుగు నెలలకు 4,800 కిలోలు. బాగా తొక్కితే ఘనపుటడుగుకు పదహారు కిలోల దాకా పడుతుంది. అంటే పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు గుంత చాలు. గుంత తీయలేనివాళ్లు సంచుల్లో నింపుకోవచ్చు. తెరిచాక మొదట ఐదు కిలోలతో మొదలుపెట్టి అలవాటు చేయండి. పాలు పితికాక పెట్టండి, లేకపోతే ఆ వాసన పాలకు పడుతుంది. బూజు పట్టిన భాగాన్ని ఏ పశువుకూ పెట్టొద్దు. దాని విషం పాలలోకి దిగుతుంది, ఆ పాలు తాగేది పిల్లలు. గొర్రెలకైతే చెడిన పాతరగడ్డితో మెదడుకు జబ్బు సోకి, ఒకే వైపు గిరగిరా తిరిగి పడిపోతాయి. నేను చూశాను, చాలావాటిని బతికించలేకపోయాను.

బయట ట్రాక్టరులో మొక్కజొన్న వచ్చింది. మిషన్ ఇప్పుడే వేయొద్దని తమ్ముడికి చెప్పాను. ముందు మోపులు విప్పుదాం. పెద్దమ్మా, ఉమ్మెత్త ఆకు మీకు బాగా తెలుసు కదా, మొదటి మోపు మీరే చూడండి.