జ్ఞాపకం అనే ఒక్క ప్రశ్న: డిగ్రీలో సైకాలజీ చదువు

నిర్వాహకుడు: నమస్కారం మేడమ్. డిగ్రీలో సైకాలజీ తీసుకునే విద్యార్థులు మొదటి రోజు ఏమి ఆశించి తరగతికి వస్తారు?

అధ్యాపకురాలు: నమస్కారమండీ. మనోవేదనలో ఉన్నవారికి అండగా నిలవాలన్న కోరికతో వచ్చేవారే నాకు ఎక్కువగా కనిపిస్తారు. ఆ కోరికను నేను ఎంతో గౌరవిస్తాను. అయితే వారికి ముందుగా ఎదురయ్యేవి స్టాటిస్టిక్స్, పరిశోధనా పద్ధతులు. చాలామంది అక్కడే బెదిరిపోతారు. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ సైకాలజీ ప్రయోగశాల నెలకొల్పిన నాటి నుంచి, మనసు గురించి ఎవరికి తోచినది వారు చెప్పడం కాక, కొలిచి చూసి చెప్పాలన్న పట్టుదలే ఈ శాస్త్రాన్ని నడిపించిందని వారికి ఓపికగా వివరించవలసి ఉంటుంది.

నిర్వాహకుడు: సైకాలజీలో ఉన్న ఇన్ని శాఖలను ఒకేసారి పరిచయం చేస్తే విద్యార్థి తికమక పడడా?

అధ్యాపకురాలు: పడతాడు. అందుకే నేను జ్ఞాపకం అనే ఒక్క విషయాన్ని పట్టుకుని, ఒక్కో శాఖ దానిని ఏ ప్రశ్నతో సమీపిస్తుందో చూపిస్తాను. సంజ్ఞాన మనస్తత్వశాస్త్రం మనం ఎలా గుర్తుపెట్టుకుంటాం, ఎలా పొరబడతాం అని అడుగుతుంది. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే పరిశోధకులు ఒక కారు ప్రమాదం ఫిల్మును చూపించి, కార్లు 'తగిలినప్పుడు' ఎంత వేగంతో ఉన్నాయని కొందరినీ, 'గుద్దుకుని నుజ్జయినప్పుడు' ఎంత వేగంతో ఉన్నాయని మరికొందరినీ అడిగారు. వారం తర్వాత, పగిలిన గాజు కనిపించిందా అని అడిగితే, రెండో మాట విన్న 50 మందిలో 16 మంది, మొదటి మాట విన్న 50 మందిలో 7గురు కనిపించిందన్నారు. నిజానికి ఆ ఫిల్ములో పగిలిన గాజే లేదు. సాక్షి అబద్ధమాడకుండానే తప్పు చెప్పగలడని తెలిసిన క్షణాన తరగతి నిశ్శబ్దమైపోతుంది.

నిర్వాహకుడు: మరి మెదడును చదివే శాఖ?

అధ్యాపకురాలు: జీవ మనస్తత్వశాస్త్రం. మూర్ఛ తగ్గించడానికి 1953లో హెన్రీ మొలైసన్ మెదడులో రెండు వైపులా, కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్‌లో చాలా భాగాన్ని తొలగించారు. ఆ తర్వాత జరిగిన సంఘటనలేవీ ఆయనకు నిలిచేవి కావు. అయినా అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడంలో రోజురోజుకూ చేయి తిరిగింది. అంతకుముందు గీశానన్న సంగతి మాత్రం ఆయన ఎరుగడు. జ్ఞాపకం ఒక్కటి కాదని, నైపుణ్యానికీ సంఘటనకూ వేర్వేరు దారులున్నాయని ఆయనను పరీక్షించిన మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ పరిశీలనలు తేల్చాయి. ఒక మనిషి కోల్పోయినదాని వల్ల మనకు ఇంత తెలిసిందన్న ఎరుకతోనే దానిని చదవాలని నేను విద్యార్థులను కోరుతాను.

నిర్వాహకుడు: మిగిలిన శాఖల సంగతి?

అధ్యాపకురాలు: తొలి రెండు మూడేళ్ల జీవితం మనకెందుకు గుర్తుండదని వికాస మనస్తత్వశాస్త్రం, నలుగురితో మాట్లాడాక మన జ్ఞాపకం ఎలా మారుతుందని సామాజిక మనస్తత్వశాస్త్రం, వద్దన్నా పదే పదే తోసుకొచ్చే భయంకర జ్ఞాపకంతో ఎలా బతకాలని క్లినికల్ సైకాలజీ అడుగుతాయి. అయితే డిగ్రీ పట్టా ఒక్కటే చికిత్స చేసే అర్హతనివ్వదు. దానికి పైచదువు, పర్యవేక్షణలో శిక్షణ అవసరం.

నిర్వాహకుడు: పాఠ్యపుస్తకంలోని ప్రయోగాలన్నింటినీ నమ్మవచ్చా?

అధ్యాపకురాలు: పరీక్షించి నమ్మాలి. 2015లో 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూసిన బృందానికి, మూడో వంతుకు కాస్త పైగా మాత్రమే గణాంకపరంగా నిలిచే ఫలితాన్నిచ్చాయి. దీన్ని విద్యార్థుల నుంచి దాచకూడదని నా దృఢమైన అభిప్రాయం. స్టాటిస్టిక్స్ ఎందుకో కూడా వారికి అప్పుడే అర్థమవుతుంది.

నిర్వాహకుడు: కొత్తగా చేరినవారితో మీరు ముందుగా ఏమి చేయిస్తారు?

అధ్యాపకురాలు: జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే చేసుకుని 1885లో ప్రచురించిన ప్రయోగాన్ని చిన్న రూపంలో చేయిస్తాను. అర్థంలేని అక్షరాల జాబితాను కంఠస్థం చేసి, గంటకు, రోజుకు, వారానికి ఎంత మిగిలిందో విద్యార్థి నమోదు చేసుకుంటాడు. మరుపు మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా సాగుతుందని నేను ముందుగా చెప్పను. ఆ మరుపును చూపే గీతను ఎవరిది వారే గీసుకుని తీసుకువస్తారు.