మానని కాలి పుండు: ముక్క పరీక్ష ఎప్పుడు చేయించాలి?

(తెరపై: చీలమండ పైన పుండు, అంచు దగ్గరగా)

నమస్కారం. కీళ్లవాతానికో లూపస్‌కో (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) ఏళ్లుగా మందులు వాడుతున్నవాళ్లకి కాలి మీద పుండు పడితే ఇంట్లో మొదట అనే మాట, "షుగర్ చూపించుకో". షుగర్ లేదంటే, "రక్తం సరిగా ఆడట్లేదేమో". చాలాసార్లు అది నిజమే. ఈ జబ్బుల్లో రక్తనాళాలు వాచి కూడా పుండ్లు పడతాయి. దాంతో నెలల తరబడి కట్లు కడుతూనే ఉంటారు. అది చర్మ క్యాన్సర్ కావచ్చన్న అనుమానం మాత్రం చాలా ఆలస్యంగా వస్తుంది. నా బాధంతా ఆ ఆలస్యం గురించే.

ఏళ్ల నాటి పుండు అంచున కణాలు ఆగకుండా విభజన చెందుతుంటాయి. వాటిలో కొన్ని దారి తప్పి క్యాన్సర్‌గా మారొచ్చు. దీన్నే మార్జొలిన్ అల్సర్ అంటారు. ఇలాంటి పుండ్ల గురించి 1828లో రాసిన ఫ్రెంచ్ సర్జన్ పేరది. ఎక్కువగా వచ్చేది స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే చర్మం పైపొర కణాల్లో పుట్టే క్యాన్సర్. ఒక్కోసారి మొదటి రోజు నుంచీ క్యాన్సరే పుండులా కనబడుతుంది. పైగా ఈ జబ్బులకి వాడే అజాథయోప్రిన్, సైక్లోస్పోరిన్ లాంటి మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి కాబట్టి చర్మ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది.

(తెరపై: రెండు అంచులు, పక్కపక్కన)

ఈ అంచులు చూడండి. మానుతున్న పుండుకి అంచు పల్చగా, లోపలికి వాలి, లేత చర్మం పాకుతూ ఉంటుంది. అనుమానించాల్సిన పుండుకి అంచు ఉబ్బి, గట్టిపడి, బయటికి తిరుగుతుంది. లోపల కాలీఫ్లవర్‌లా కండ పెరుగుతుంది. గాజుగుడ్డ తగిలితే చాలు, రక్తం. కొత్తగా నొప్పి, దుర్వాసన, గజ్జల్లో బిళ్లలు కూడా ఉండొచ్చు.

సరైన వైద్యం జరుగుతున్నా మూడు నెలల్లో పుండు తగ్గుముఖం పట్టకపోతే, "ముక్క తీసి పరీక్షకు పంపుదామా డాక్టర్ గారూ?" అని మీరే అడగండి. పైన చెప్పిన లక్షణాలుంటే అన్నాళ్లు కూడా ఆగొద్దు. నడుమ చచ్చిన కండే రావచ్చు కాబట్టి అంచు నుంచి, ఒకటికి మించిన చోట్ల తీయాలి. రిపోర్టులో ఏమీ లేదన్నా పుండు ముదురుతుంటే మళ్లీ తీయాల్సిందే.

"కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుంది" అని భయపడి వెనక్కి తగ్గకండి. ముక్క తీసినందుకు అది పాకదు. తొందరగా తెలిస్తే చుట్టూ కొంత మంచి చర్మంతో సహా కోసేసి, వేరేచోటి చర్మం అతికిస్తారు. ఎముక దాకా వెళితే కాలే తీసేయాల్సి రావచ్చు.

ఇంకొక్క మాట. ఈ వీడియో చూసి మందులు మానేయకండి. ఏది తగ్గించాలో, ఏది మార్చాలో మీ కీళ్ల డాక్టరూ సర్జనూ కలిసి చెబుతారు.