రెండు చేతులూ ఖాళీ లేనప్పుడు

అందరికీ నమస్కారం. రెండో బిడ్డ కోసం ఎదురుచూస్తున్నవాళ్లూ ఉన్నారు, ఒళ్లో ఒకరు, కాళ్ల దగ్గర ఒకరుగా వచ్చినవాళ్లూ ఉన్నారు. మీ పిల్లలు ఎంతసేపు ఊరుకుంటారో తెలియదు కాబట్టి నేరుగా పనిలోకి దిగుతాను.

పెద్దబిడ్డకు అసూయ వస్తుందని అందరూ హెచ్చరిస్తారు. అసూయ సంగతి తర్వాత, ముందు ఒక లెక్క చూద్దాం. పుట్టిన కొత్తలో బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. ఒక్కోసారి 20 నుంచి 40 నిమిషాలు పడుతుంది. పదిసార్లు, అరగంట చొప్పున వేసుకున్నా ఐదు గంటలు. ఆ ఐదు గంటలూ మీ చేతులు మీవి కావు. రెండేళ్ల పెద్దవాడు ఈ సంగతి మూడో రోజుకల్లా కనిపెట్టేస్తాడు. సోఫా వీపు మీదకు ఎక్కడం, సొరుగులు లాగడం, నీళ్ల సీసా ఒంపడం సరిగ్గా అప్పుడే మొదలవుతాయి. మనల్ని సాధించడానికే చేస్తున్నాడనిపిస్తుంది. నిజానికి అమ్మ లేవలేని వేళ ఏదో వాడికి తెలిసిపోయింది, అంతే. (పెద్దవాడు అంటున్నాను గానీ, ఆడపిల్లయినా ఇదే వరస.)

అందుకే పాలిచ్చే చోటును బిడ్డ పుట్టకముందే సిద్ధం చేసుకోండి. తలుపు వేసుకోగలిగే గది, లేదా గేటు బిగించిన ఒక మూల. అక్కడ పెద్దవాడికి అందే ఎత్తులో వేడివీ, పదునైనవీ, మీద పడేవీ ఉండకూడదు. మీరు పది నిమిషాలు కళ్లు మూసుకున్నా ప్రమాదం జరగని చోటు అన్నమాట. ఎందుకంటే నిజంగానే కళ్లు మూతలు పడతాయి. అందుకే సోఫాలోనో, కుర్చీలోనో బిడ్డను పట్టుకుని కునికే ప్రమాదం కూడా ఉంది. నిద్ర ముంచుకొస్తుంటే బిడ్డను మంచంలో పడుకోబెట్టేయండి.

కూర్చోబోయే ముందు ఒక వరస పాటించండి. మొదట పెద్దవాడి డైపర్ మార్చడమో, పాస్‌కు తీసుకెళ్లడమో. తర్వాత వాడికి మూతున్న కప్పులో నీళ్లు, తినడానికి ఏదైనా కొంచెం. ఆ తర్వాత మీరు ఒక గ్లాసు నీళ్లు. ఆఖరున చంటిబిడ్డ. ఈ వరస తిరగబడితే జరిగేది ఒకటే. బిడ్డ సరిగ్గా రొమ్ము పట్టిన ఐదో నిమిషాన "అమ్మా, పాస్" అంటాడు. బిడ్డను విడదీస్తే అది ఏడుస్తుంది, ఆగమంటే వీడు తడిపేస్తాడు. మరి చంటిబిడ్డ ఆగుతుందా? ఏడుపు మొదలయ్యేదాకా మనం ఆగితే అది ఆగదు. ఆకలికి ఏడుపు చివరి గుర్తు. అంతకుముందే పిడికిలి నోటి దగ్గరకు తెచ్చుకుంటుంది, పెదాలు చప్పరిస్తుంది, తల అటూ ఇటూ తిప్పి వెతుకుతుంది. అది చూడగానే పెద్దవాడితో పని మొదలుపెడితే సరిగ్గా సరిపోతుంది.

ఆ గదిలో పాలిచ్చేటప్పుడు మాత్రమే తెరిచే పెట్టె ఒకటి ఉంచండి. కొత్త బొమ్మలే కొనక్కర్లేదు. దళసరి అట్టల పుస్తకం, మూతలు బిగించి తీసే డబ్బాలు, ఖాళీ టిష్యూ పెట్టెలో కుక్కిన గుడ్డముక్కలు. ఆ ముక్కల్ని ఒక్కొక్కటే బయటికి లాగడం రెండేళ్లవాడికి పావుగంట పని. నాలుగైదు వస్తువులు చాలు, మూడు నాలుగు రోజులకోసారి రెండింటిని మార్చండి. టాయిలెట్ పేపర్ చుట్టలోని అట్టగొట్టంలో పట్టేంత చిన్నవేవీ వద్దు, మూడేళ్లలోపు పిల్లల గొంతుకు అవి అడ్డం పడతాయి. బొత్తాం ఆకారపు బ్యాటరీ ఉన్న బొమ్మకు స్క్రూ బిగించిన మూత లేకపోతే ఇంట్లోనే ఉంచకండి. ఆ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. మింగాడని అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇక పాలివ్వడం అవగానే పెట్టె మూసి అటక మీదకు ఎక్కించాలి. చాలామంది దగ్గర ఈ ఉపాయం పారకపోవడానికి కారణం అలా చేయకపోవడమే. రోజంతా కింద ఉన్న పెట్టె రెండు రోజుల్లో పాతబడిపోతుంది.

బిడ్డను ఒళ్లో అడ్డంగా కాకుండా, చంక కింద దిండు వేసి, కాళ్లు మీ వెనక్కి ఉండేలా పట్టుకుని చూడండి. ఒడి ఖాళీ అవుతుంది, రెండో పక్కన పెద్దవాడు ఆనుకుని కూర్చుంటాడు, పుస్తకం పేజీలు వాడే తిప్పుతాడు. సిజేరియన్ అయినవాళ్లకు కుట్ల మీద బరువు పడదు. వాళ్లు పెద్దవాణ్ని ఎత్తుకోకూడదు కూడా. డాక్టరు సరేననేదాకా మీరు కూర్చోండి, వాడే చిన్న స్టూలు ఎక్కి ఒడిలోకి వస్తాడు.

"మెల్లగా ముట్టుకో" అంటే రెండేళ్లవాడికి అర్థం కాదు. వాడి అరచేతిని మీ చేత్తో పట్టుకుని, వాడి ముంజేతి మీదే మెత్తగా నిమరండి. తర్వాత అదే చేత్తో చంటిబిడ్డ పాదం నిమిరించండి. మొహం కాదు, పాదం. కళ్లలో వేలు పోదు, జలుబు అంటుకునే అవకాశం తగ్గుతుంది, ముద్దు కూడా అక్కడే పెట్టించవచ్చు. బొడ్డుతాడు రాలేదాకా, అంటే వారం నుంచి రెండు వారాలు, దాన్ని లాగకుండా చూసుకోవాలి. డైపర్ అంచు దాని కిందికి మడిస్తే ఆరుతుంది. కొట్టబోతే చెయ్యి గాల్లోనే ఆపి "కొట్టనివ్వను" అనండి. అంతకంటే పొడుగు మాటలు ఆ క్షణంలో చెవికెక్కవు.

మాట విషయంలో ఒక చిన్న సలహా. "పాప పడుకుంది, అరవకు", "పాప ఉంది, ఎత్తుకోలేను". ఇలా ప్రతి వద్దుకూ పాపనే కారణం చేస్తే వాడు పాప మీద కోపం పెంచుకోక ఏం చేస్తాడు? "నా చేతులు ఖాళీ అవగానే వస్తా" అనండి. అప్పుడప్పుడు వాడికి వినపడేలా పాపతో "కాస్త ఆగమ్మా, అన్నకు చెప్పులు వేసి వస్తా" అనండి. పాపకు అర్థం కాదు, వినాల్సినవాడు వింటాడు.

పెద్దవాడు ప్రేమతో చేసే పనుల్లోనూ ప్రమాదాలున్నాయి. తన నోట్లోది తీసి చెల్లి నోట్లో పెడతాడు. ఆరు నెలల వరకు పాలు తప్ప నీళ్లు కూడా అక్కర్లేదు. తేనె అయితే ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు, బొటులిజం అనే తీవ్రమైన జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. తన మెత్తటి ఎలుగుబంటిని చెల్లి మంచంలో వేస్తాడు. బిడ్డ వెల్లకిలా, గట్టి చదునైన పరుపు మీద పడుకోవాలి, పక్కన దిండు, వదులు దుప్పటి, బొమ్మ ఏదీ ఉండకూడదు. ఇద్దరినీ ఒకే పక్క మీద పడుకోబెట్టకండి. పెద్దవాడి తొట్టిమంచం చిన్నదానికి కావాలంటే, కాన్పుకు రెండు నెలల ముందే వాణ్ని వేరే మంచానికి మార్చండి, లేదా మూడు నాలుగు నెలల తర్వాత మార్చండి. డైపర్ మాన్పించడం కూడా అంతే, కాన్పు దగ్గర్లో మొదలుపెడితే అలవాటు వెనక్కి పోతుంది.

మందుల దగ్గర పొరపాటు జరిగేది రాత్రి రెండింటికి. పసిపిల్లల చుక్కల మందూ, పెద్దవాడి సిరప్పూ రెండూ పారాసెటమాలే కావచ్చు, కానీ ఒక్కో మిల్లీలీటరులో మందు మోతాదు వేరు. ఇద్దరికీ వేర్వేరు డబ్బాలు పెట్టండి. వాటి మీద పేర్లు పెద్దగా రాసి, ఎవరి సిరంజి వాళ్ల డబ్బాలోనే ఉంచండి. మూడు నెలలు నిండని బిడ్డకు ఒళ్లు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్, తాకితే ఇంట్లో మందు వేసి చూడటం కాదు, ఏ వేళైనా డాక్టరు దగ్గరకే.

చివరిగా సాయంత్రం. చంటిబిడ్డ ఏడుపు ఆరో వారం ప్రాంతంలో పతాకస్థాయికి చేరుతుంది, అదీ ఎక్కువగా సాయంత్రం పూటే. పెద్దవాడి తిండి, స్నానం, పేచీ అన్నీ అదే గంటలో వచ్చిపడతాయి. వాడి స్నానం పొద్దుటికి మార్చండి, రాత్రి తిండి మధ్యాహ్నమే వండిపెట్టండి. చంటిబిడ్డను ఒంటికి కట్టుకునే గుడ్డలో వేసుకుంటే మొహం మీకు కనపడుతుండాలి, గడ్డం ఛాతీకి నొక్కుకోకుండా మధ్యలో రెండు వేళ్ల సందు ఉండాలి. అయినా ఏడుపు ఆగక మీ సహనం అడుగంటితే, బిడ్డను తొట్టిమంచంలో వెల్లకిలా పడుకోబెట్టి, పెద్దవాణ్ని గేటు లోపల కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు పక్కకు వెళ్లండి. ఎట్టి పరిస్థితుల్లోనూ బిడ్డను కుదపకూడదు. రెండు వారాలు దాటినా తల్లికి దిగులు, ఏడుపు తగ్గకపోతే డాక్టరుకు చెప్పాలి, అది అలసట అని సరిపెట్టుకోకూడదు.

రోజులో పది నిమిషాలు మాత్రం పెద్దవాడికి విడిగా ఉంచండి. ఫోను పక్క గదిలో, చంటిబిడ్డ ఇంకొకరి చేతిలో. ఆట వాడు ఎంచుకుంటాడు. టైమరు మోగగానే ఆపి, మళ్లీ ఎప్పుడో వాడికి తెలిసే మాటలో చెప్పండి. "రేపు పదింటికి" కాదు, "రేపు నీ స్నానం అయ్యాక" అని. ఇక మీ ప్రశ్నలు అడగండి. పిల్లలు ఏడుస్తున్నవాళ్లకు మొదటి అవకాశం.