టెర్రస్ తాళం ఎవరి దగ్గరుంది?

(అగ్నిమాపక సేవల వారోత్సవాల్లో భాగంగా హైదరాబాద్ చిక్కడపల్లిలోని ఒక అపార్ట్‌మెంట్ వాసుల సమావేశంలో రిటైర్డ్ స్టేషన్ ఫైర్ ఆఫీసర్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనకాల గోడకు ఆనుకొని నిలబడ్డ వాచ్‌మన్ తమ్ముడూ, నువ్వూ మీ ఇంటివాళ్లూ ముందుకొచ్చి కూర్చోండి. రాత్రి రెండింటికి ఈ బిల్డింగులో పొగ లేస్తే మొదట చూసేది మీరే. నేను చెప్పేది అందరికంటే ముందు మీరు వినాలి.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా ఈ వారోత్సవాలు జరుపుతాం. 1944లో అదే తేదీన బొంబాయి విక్టోరియా డాక్‌లో ఒక ఓడ అంటుకుంది. పేరు ఫోర్ట్ స్టికిన్. లోపల పత్తి బేళ్లు, పేలుడు సామాన్లు. ఆర్పుతుండగానే పేలిపోయింది. 66 మంది మా వాళ్లు పోయారు. ఆ రోజు పొద్దున ప్రతి స్టేషన్‌లో వాళ్ల కోసం మౌనం పాటిస్తాం. సర్వీసులో ఉన్నన్నేళ్లూ నేనూ ఆ వరసలో నిలబడ్డాను.

నేను చేరింది ఒక చిన్న ఊరి స్టేషన్‌లో. ఉన్నది ఒక్కటే బండి. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ అదే దిక్కు. ఎండలు ముదిరితే గడ్డివాములు అంటుకునేవి. ఫోన్ చేసినాయన "మా వాము కాలుతుంది సారూ, జల్ది రాండ్రి" అని పెట్టేసేవాడు. ఏ ఊరో చెప్పేవాడు కాదు. ఊరి బయటికొచ్చి పొగ ఎటు లేస్తుందో చూసి బండి అటు తిప్పేవాళ్లం. అందుకే చెబుతున్నా, 101కి చేసినా 112కి చేసినా గాబరాలో పెట్టేయకండి. గల్లీ పేరు, పక్కనున్న గుడో బడో, ఏం కాలుతుంది, లోపల మనుషులున్నారా, ఇవి చెప్పండి. అవతలివాళ్లు సరే అన్నాకే పెట్టండి.

వాము పైన ఆరితే ఆరినట్టు కాదు. లోపల రాజుకుంటూనే ఉంటుంది. మోపు మోపుగా లాగి, చెదరగొట్టి, తడపాలి. మేం చేరేసరికే ఆడవాళ్లు బోరింగు దగ్గర్నుంచి బిందెలు అందిస్తూ ఉండేవాళ్లు. మామూలు బండిలో పట్టేది 4,500 లీటర్లు. ఒక్క పైపు గట్టిగా కొడితే పది పదిహేను నిమిషాలకు మించి రావు. ఆ బిందెలు లేకపోతే రెండో వాము దక్కేది కాదు.

ఫొటోల్లో పైపు పట్టుకున్నవాడే కనిపిస్తాడు. వెనకాల పంపు దగ్గర నిలబడ్డ డ్రైవర్ ఆపరేటర్ కనిపించడు. ప్రెషర్ తగ్గితే నీళ్లు మంట దాకా పోవు, ఒక్కసారిగా పెరిగితే పైపు మనిషిని ఎత్తి పడేస్తుంది. ముందున్నవాడి ప్రాణం వెనకున్నవాడి చేతిలో ఉంటుంది. స్టేషన్‌కు తిరిగొచ్చాక మా ఒళ్లు కడుక్కోకముందే పైపులు కడిగి ఆరేసేవాళ్లం. తడి పైపు చుట్టిపెడితే కుళ్లి, మరుసటి ప్రమాదంలో పగులుతుంది. ఆ పని ఎవరూ చూడరు. నాకు మాత్రం మా వాళ్లంటే ముందు గుర్తొచ్చేది అదే.

తర్వాత ఈ నగరానికి బదిలీ అయ్యాను. ఊళ్లో నీళ్లకు వెతుక్కునేవాళ్లం, ఇక్కడ మెట్లకు వెతుక్కోవాల్సి వచ్చింది.

ఒక రాత్రి సంగతి చెబుతాను. మూడంతస్తుల ఇల్లు. మెట్ల కింద కరెంటు మీటర్లు, వాటి పక్కనే బండ్లు. మంట అక్కడే పుట్టింది. ఊపిరి సిలిండర్ వీపున వేసుకొని నేనూ ఒక ఫైర్‌మన్ లోపలికి పోయాం. టార్చి వేస్తే తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించదు. చెయ్యి గోడకు ఆనించి, వదలకుండా, ఒక్కో మెట్టూ తడుముతూ ఎక్కాలి. చేతికి మొదట చెప్పుల స్టాండు తగిలింది. తర్వాత బియ్యం బస్తా, పిల్లల సైకిలు, ఖాళీ సిలిండరు. ఒక్కోటీ పక్కకు జరిపేసరికి ఊపిరి కరిగిపోతుంది. గాలి అయిపోవస్తే సిలిండర్ ఈల వేస్తుంది. ఆ ఈల మొదలైన చోటే మేం వాళ్లను చూశాం. టెర్రస్ తలుపు ముందు ఒక ముసలమ్మ, ఆమె ఒళ్లో మనవడు. ఆమె కొంగు పిల్లాడి మొహం మీద కప్పి ఉంది. తలుపుకు తాళం.

పిల్లాడు బతికాడు. ఆమె బతకలేదు.

ఆ తాళం ఎందుకు వేశారని తర్వాత అడిగాను. పిల్లలు ట్యాంకు దగ్గర ఆడుతున్నారని వేశారట. చెడ్డ ఉద్దేశం ఎవరికీ లేదు.

వేడి పొగ పైకే పోతుంది. పైకి పోవడానికి ఇంట్లో మెట్ల కంటే సులువైన దారి లేదు. మెట్ల గది పొయ్యి గొట్టంలా పనిచేస్తుంది. మంట కింద ఉంటుంది, ప్రాణాలు పైన పోతాయి. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట అది కూర్చుంటుంది. కాళ్లు పట్టు తప్పుతాయి, నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారు.

ఈ నగరం ఇది చూస్తూనే ఉంది. 2022 మార్చిలో బోయిగూడ తుక్కు గోదాములో పైన పడుకున్న 11 మంది బిహార్ కూలీలు పోయారు. కిందికి దిగడానికి ఇరుకైన గుండ్రపు మెట్లే ఉన్నాయి. ఆ సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్లు కాలితే పైన హోటల్లో ఉన్న 8 మంది చనిపోయారు. మరుసటి మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో 6 మంది, అందరూ ఇరవైల్లో ఉన్న యువతీ యువకులు, పొగకే పోయారు. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద రసాయనాల డ్రమ్ములు, పైన కాపురాలు. కనీసం 9 మంది పోయారు. 2025 మే 18న గుల్జార్ హౌజ్. చార్మినార్ కనిపించేంత దగ్గర. ఆదివారం పొద్దున, ఇంటినిండా చుట్టాలు. లోపలికి ఇరుకైన దారి ఒక్కటే. 17 మంది పోయారు, అందులో 8 మంది పసిపిల్లలు.

ఆ ఇల్లు ఎత్తైన భవనమేమీ కాదు. మన దగ్గర ఇళ్లకైతే 18 మీటర్లు, దుకాణాలకైతే 15 మీటర్లు దాటితేనే మా శాఖ ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, కావాలి. మన బస్తీల్లో ఇళ్లు చాలావరకు అంతకంటే చిన్నవే. వాటి మెట్లు చూడటానికి మా శాఖ అధికారి ఎవరూ రారు. మీరే చూసుకోవాలి. నాకు బాధ కలిగించేది ఇదే, అందుకే ఇవాళ గ్యాస్ సిలిండరు గురించి తక్కువ చెప్పి మెట్ల గురించి ఎక్కువ చెబుతున్నాను.

ఎలక్ట్రిక్ బండి మెట్ల కింద చార్జింగ్ పెట్టకండి, రాత్రంతా అసలే వద్దు. దొంగల భయంతో కిటికీలన్నిటికీ గ్రిల్ వెల్డింగ్ చేయిస్తున్నారు. కనీసం ఒక్కదానికి లోపల్నుంచి తెరుచుకునే తలుపు పెట్టించండి. మెట్ల నిండా పొగ ఉంటే దాంట్లోకి దిగకండి. గదిలోకి పోయి తలుపు మూసి, సందుల్లో తడి దుప్పటి కుక్కి, కిటికీ దగ్గర నిలబడి కేకేయండి. మూసిన చెక్క తలుపు మాకు చాలా సమయం ఇస్తుంది. మా బండి వెడల్పు దాదాపు రెండున్నర మీటర్లు. మీ గల్లీ మొదట్లో రాత్రిపూట రెండు వైపులా కార్లు పెడితే ఆ సమయం కాస్తా అక్కడే పోతుంది. కడాయిలో నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి, మంట ఎగిసి మీద పడుతుంది. స్టవ్ కట్టేసి మూత పెట్టండి.

ఇక మాటలు చాలు. చాయ్ వచ్చేలోపు అందరం కలిసి మెట్లెక్కి పైదాకా పోదాం. దారిలో ఏమేం తగులుతాయో పిల్లలు లెక్కపెట్టండి. టెర్రస్ తాళంచెవి ఎవరి దగ్గరుందో, వాళ్లు ముందు నడవండి.